ఇంగ్లీషు మాటలు తెలిసినా నోరు ఎందుకు పెగలదు?

బీటెక్ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్న కడప కుర్రాడి చేతిలో రెండు వందల పేజీల నోటుబుక్కు ఉంటుంది. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు అర్థం. రోజుకు పది మాటల చొప్పున సగం పుస్తకం నిండిపోయింది. 'రిలక్టెంట్' అంటే ఏమిటని అడిగితే 'ఇష్టం లేక వెనకాడడం' అని తడుముకోకుండా చెప్తాడు. అదే కుర్రాడికి ఒకరోజు బెంగళూరు కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది. ఎప్పుడు చేరతారని అవతలి మేడం అడుగుతుంది. 'మా నాయనకు ఒంట్లో బాగాలేదు, వచ్చే సోమవారం చేరొచ్చా?' అని చెప్పాలి. ఫాదర్ తెలుసు, మండే తెలుసు, జాయిన్ తెలుసు. కానీ ఆ మూడూ కలిసి ఒక వాక్యం కావు. 'మేడమ్... యాక్చువల్లీ... మై ఫాదర్... హెల్త్...' అంటూ ఆగిపోతాడు. ఫోన్ పెట్టేశాక ఇంట్లోవాళ్లు అనేది ఒకటే: 'నీకు ఇంకా వొకాబులరీ చాలదు, ఇంకో పుస్తకం కొనుక్కో.'

ఈ నిర్ధారణే తప్పని నా గట్టి నమ్మకం. రాయలసీమలో ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు లోటు మాటల లెక్కలో లేదు. వాళ్లకు రాని మాటలు వేరే ఉన్నాయి. అవి చాలా చిన్నవి. ఎవరూ నోటుబుక్కులో రాసుకోరు.

మొదట మన దగ్గర ఇప్పటికే ఉన్నది చూద్దాం. కడప ఆర్టీసీ బస్టాండులో కాసేపు నిలబడి వినండి. 'ప్రొద్దుటూరు నాన్‌స్టాప్ ఇప్పుడే స్టార్ట్ అయింది సార్, నెక్స్ట్ బస్సు హాఫెనవర్‌కు ఉంది, ఆ కౌంటర్లో టికెట్ తీసుకోండి.' ఈ ఒక్క ముక్కలో ఎనిమిది ఇంగ్లీషు మాటలున్నాయి. చెప్పిన మనిషి బడికి పోయినాడా లేదా అన్నది లెక్కే కాదు. పల్లెకు పోతే రైతు నోట బోరు, మోటరు, డ్రిప్, పైపు, ట్రాన్స్‌ఫార్మర్, సబ్సిడీ, లోను వినపడతాయి. ఆస్పత్రి వరండాలో అవ్వ నోట షుగరు, బీపీ, స్కానింగు, ఆపరేషను, డిశ్చార్జి వినపడతాయి. ఒక మామూలు తెలుగు మనిషి రోజులో వాడే ఇంగ్లీషు మాటలన్నీ రాసుకుంటూ పోతే జాబితా వందల్లో తేలుతుంది. చదువుకున్నవాళ్లకైతే ఇంకా ఎక్కువ.

ఆ జాబితాను ఇంకొంచెం దగ్గరగా చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. అందులో దాదాపు అన్నీ వస్తువుల పేర్లు, పనుల పేర్లు, కొన్ని గుణాల పేర్లు. క్రియ వచ్చినా క్రియగా రాదు. 'స్టార్ట్ అయింది', 'అడ్జస్ట్ చేసుకో', 'ఫీల్ అయినాడు', 'కట్ చేసినారు' అంటాం. కాలం, మనిషి, అవునో కాదో తేల్చే బరువంతా 'అయింది', 'చేసుకో' అనే తెలుగు క్రియల మీదే ఉంటుంది. ఇంగ్లీషు ముక్క పేరులాగా పక్కన కూర్చుంటుంది. ఇక 'ఆఫ్' (of), 'టు', 'ఫర్', 'స్టిల్', 'ఈవెన్', 'వుడ్', 'గెట్' లాంటివి మన మాటల్లోకి అసలు రానేలేదు. వాటి అవసరం మనకు పడలేదు. లో, కు, తో, నుంచి అనే విభక్తులు, చివర్లో చేరే దీర్ఘాలు ఆ పని చేసేస్తాయి. 'రాముడే', 'రాముడూ', 'రాముడో' అన్నప్పుడు ఒక్క అచ్చు మార్చి మనం చెప్పినదాన్ని చెప్పడానికి ఇంగ్లీషుకు విడి మాట కావాలి, లేదా గొంతులో ఒత్తు కావాలి.

అంటే కడప బండలు లారీ లోడు దింపుకున్నాం, సిమెంటు మాత్రం తెచ్చుకోలేదు.

ఆ సిమెంటు ఎంత కావాలన్నది కూడా తెలిసిన లెక్కే. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడిపిన మైకేల్ వెస్ట్ అనే ఆంగ్లేయుడు, పిల్లలకు ఏ మాటలు ముందు నేర్పాలన్న ప్రశ్నతో చాలా ఏళ్లు పనిచేశాడు. 1953లో ఆయన ప్రచురించిన జాబితాలో సుమారు 2000 మాటలున్నాయి. మామూలు ఇంగ్లీషు రాతలో నూటికి ఎనభై వంతులు ఆ జాబితాలోని మాటలే. తర్వాత న్యూజిలాండ్ భాషావేత్త పాల్ నేషన్ 2006లో మాట్లాడే ఇంగ్లీషును లెక్కవేసి, సుమారు 3000 పదకుటుంబాలు, వాటితోపాటు మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు తెలిస్తే సంభాషణలో 95 శాతం అందుతుందని చూపించాడు. పదకుటుంబం అంటే గో, గోస్, గోయింగ్, వెంట్, గాన్ అన్నీ కలిపి ఒకటి. ఇందులో మరీ ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే వంద మాటలే మామూలు ఇంగ్లీషు రాతలో దగ్గరదగ్గర సగం ఆక్రమిస్తాయి. ఆ వందలో 'రిలక్టెంట్' లేదు. ద, టు, ఆఫ్, హావ్, గెట్, విల్, వుడ్, సో, అప్, అవుట్ లాంటివి ఉన్నాయి. అన్నీ ఆరో తరగతి పిల్లాడికి 'తెలిసిన' మాటలే. ఏ ఒక్కదానికీ తెలుగులో ఒకే అర్థం రాయలేం. నోటుబుక్కు పద్ధతి విరిగిపోయేది సరిగ్గా ఇక్కడే. అర్థం రాయగలిగిన మాటలనే అది పట్టుకుంటుంది. పని చేసే మాటలు దాని వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి.

ఇప్పుడు ఆ కుర్రాడి వాక్యం ఎందుకు తెగిందో చూద్దాం. 'మా నాయనకు ఒంట్లో బాగాలేదు.' అతను అనువాదం మొదలుపెట్టింది 'నాయనకు' దగ్గర. అక్కడే ఇరుక్కున్నాడు. ఎందుకంటే తెలుగులో ఒంటికీ మనసుకూ జరిగేవాటిని మనం చేసే పనులుగా చెప్పుకోం. అవి మనకు వస్తాయి, వేస్తాయి, పుడతాయి. నాకు ఆకలి వేస్తోంది. నాకు జ్వరం వచ్చింది. నాకు కోపం వచ్చింది. నాకు తెలుసు. నాకు గుర్తుంది. నాకు ఇష్టం. నాకు ఇద్దరు పిల్లలు. నాకు టైం లేదు. నాకు పని దొరికింది. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా మన మాటల్లో ఈ 'నాకు' ఎన్నిసార్లు వస్తుందో గమనించండి. ఇంగ్లీషులో ఈ వాక్యాలన్నిటికీ మొదలు 'ఐ'. 'నాకు'ను ఎక్కడ పెట్టాలో వెతికేవాడికి వాక్యం దొరకదు. 'ఫీవర్ కేమ్ టు మీ' అన్న మాట పుట్టేది ఇక్కడి నుంచే.

'నాకు' వాక్యాలన్నీ ఇంగ్లీషులో నాలుగు దారుల్లో పోతాయి. ఉన్న స్థితిని చెప్పేవి 'ఆమ్' దారిలో పోతాయి: ఐయామ్ హంగ్రీ, ఐయామ్ స్లీపీ, ఐయామ్ స్కేర్డ్. మన దగ్గర ఉన్నదాన్ని చెప్పేవి 'హావ్' దారిలో: ఐ హావ్ టూ చిల్డ్రన్, ఐ డోంట్ హావ్ టైమ్. జబ్బులు కూడా ఇంగ్లీషు దృష్టిలో మన దగ్గర ఉండేవే, కాబట్టి ఐ హావ్ ఎ ఫీవర్, ఐ హావ్ ఎ హెడేక్. తలలో జరిగే పనులకు సొంత క్రియలున్నాయి: ఐ నో, ఐ లైక్ ఇట్, ఐ రిమెంబర్, ఐ నీడ్, ఐ వాంట్, ఐ అండర్‌స్టాండ్. ఇక లేనిది వచ్చి చేరితే, అంటే మార్పు జరిగితే, 'గెట్': ఐ గాట్ యాంగ్రీ, ఐ గాట్ ఎ జాబ్, ఐ గాట్ యువర్ మెసేజ్. 'ఆకలిగా ఉంది'కి ఆమ్, 'తిరిగి తిరిగి ఆకలి పుట్టింది'కి గాట్. నాలుగు దారులు తెలిస్తే వందల వాక్యాలు వాటంతట అవే సర్దుకుంటాయి. మా నాయనకు ఒంట్లో బాగాలేదు అన్నది స్థితి. కాబట్టి మొదటి దారి. మై ఫాదర్ ఈజ్ నాట్ వెల్. అంతే. అందులో ఆ కుర్రాడికి రాని మాట ఒక్కటీ లేదు.

మనవాళ్లు చాలామంది 'ఐయామ్ హావింగ్ టూ బ్రదర్స్' అనడానికి కారణం కూడా దీని పక్కనే ఉంది. 'నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు'లో 'ఉన్నారు' ఇప్పుడు నడుస్తున్న సంగతిలా వినిపిస్తుంది, అందుకని 'ఇంగ్' తగిలిస్తారు. తమ్ముళ్లు, ఇల్లు, పొలం, తెలివి లాంటి ఉండే సంగతులకు ఇంగ్లీషులో ఆ 'ఇంగ్' రాదు. 'ఐయామ్ హావింగ్ లంచ్' అనొచ్చు, అక్కడ హావ్ అంటే తినడం.

బెంగళూరు పోయిన కడప పిల్లలు ఆరునెలలకు కన్నడం మాట్లాడేస్తారు, బడిలో పదేళ్లు చదివిన ఇంగ్లీషు మాత్రం రాదు. దీన్ని తెలివితక్కువతనంగా చూసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. కన్నడంలో 'ననగె గొత్తు' అంటారు. నాకు తెలుసు. మాటకు మాట అదే వరుస, అదే 'కు'. హిందీలో కూడా 'ముఝే' ఉంది. మన చుట్టుపక్కల భాషలన్నిటిలో వాక్యం ఎముకలు ఒకటే. క్రియ చివర్లో వస్తుంది, విభక్తి మాట వెనక వస్తుంది. ఇంగ్లీషులో రెండూ తిరగబడతాయి. మనిషి తర్వాత వెంటనే క్రియ, 'బల్ల మీద'కు బదులు 'ఆన్ ద టేబుల్'. కాబట్టి మాటకు మాట పెట్టుకుంటూ పోతే కన్నడం వస్తుంది, ఇంగ్లీషు రాదు. లోపం పిల్లల్లో లేదు. రెండు పనులకు ఒకే పద్ధతి వాడడంలో ఉంది.

ఏ మాట పక్కన ఏ క్రియ కూర్చుంటుంది అన్నది రెండో పెద్ద చిక్కు. తెలుగులో 'వెయ్యి' ఒక్కటే తీసుకోండి. లైటు వెయ్యి, తాళం వెయ్యి, ముగ్గు వెయ్యి, దోశ వెయ్యి, నాటు వెయ్యి, వేషం వెయ్యి, ఓటు వెయ్యి, కేసు వెయ్యి. ఉత్తరాది నుంచి కడప బ్యాంకుకు బదిలీ మీద వచ్చిన ఆఫీసరుకు ఇవన్నీ ఒకే 'వెయ్యి' ఎందుకయ్యాయో ఎవరూ వివరించలేరు. జంటగా విని, జంటగా నేర్చుకోవాల్సిందే. ఇంగ్లీషులో 'టేక్' సరిగ్గా అలాంటిదే. టేక్ ఎ ఫోటో, టేక్ ఎ బాత్, టేక్ ద టాబ్లెట్, టేక్ ద బస్, టేక్ ఎ లెఫ్ట్, ఇట్ టేక్స్ టైమ్. టేక్ అంటే తీసుకొను అని రాసుకున్నవాడికి ఇందులో సగం అందవు. మనం ఫోన్ చేస్తాం, వాళ్లు మేక్ ఎ కాల్. మనం తప్పు చేస్తాం, వాళ్లు మేక్ ఎ మిస్టేక్. మనం హోంవర్కు చేస్తాం, అక్కడ మాత్రం డూ. ఎందుకు అంటే జవాబు లేదు, వాడుక అంతే. మాటను దాని పక్కన కూర్చునే మాటలతోనే గుర్తుపట్టాలన్న ఆలోచనను 1950లలో గట్టిగా ముందుకు తెచ్చినవాడు జె. ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ భాషావేత్త. ఆయన అంతకుముందు లాహోర్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాడు.

ఈ సంగతి కడపలో రెండు వందల ఏళ్ల కిందటే ఒకాయనకు ఎదురుగా నడిచి వచ్చింది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1820లో కడపకు వచ్చాడు. ఆయనకు కావలసింది తెలుగు, చుట్టూ ఉన్నవాళ్లకు రానిది ఇంగ్లీషు. పండితులను పెట్టుకుని, వేమన పద్యాలు సేకరించి, 1829లో వాటిని ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. 1852లో వచ్చిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెరిచి ఏదైనా మామూలు క్రియ చూడండి. ఒక అర్థం చెప్పి వదిలేయలేదు. కావ్యాల నుంచి, జనం నోటి నుంచి ఏరిన చిన్న చిన్న వాడుకలను ఒక్కో మాట కింద పేర్చి, పక్కన ఇంగ్లీషు వాడుక పెట్టాడు. పరాయి భాష నేర్చుకునేవాడికి ఏం కావాలో స్వయంగా అనుభవించినవాడు చేసిన పని అది. ఎర్రముక్కపల్లెలో ఆయన పేరిట ఉన్న భాషా పరిశోధన కేంద్రానికి కడప విద్యార్థులు పోటీ పరీక్షల పుస్తకాల కోసం పోతుంటారు. ఆ నిఘంటువును ఒక పూట కూర్చుని తిరగేస్తే, తమ నోటుబుక్కు ఎలా ఉండాలో వాళ్లకే తెలుస్తుంది.

ఎలా ఉండాలంటే, మాటలకు బదులు సగం కట్టిన వాక్యాలు ఉండాలి. ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. కడప రైల్వే స్టేషన్ బయట ఆటో అన్న దగ్గరికి బెంగాల్ నుంచి వచ్చిన పర్యాటకుడు వచ్చి గండికోటకు ఎలా పోవాలని ఇంగ్లీషులో అడిగాడనుకుందాం. అన్న ఇలా చెప్తాడు: 'గండికోట... సార్... బస్... జమ్మలమడుగు... చేంజ్... ఆటో... ఫిఫ్టీన్ కిలోమీటర్.' సంగతి చేరింది, అందులో సందేహం లేదు. కానీ పర్యాటకుడు ఇంకో ప్రశ్న అడిగితే కథ ఆగిపోతుంది. అన్నకు నాలుగు చట్రాలు ఇవ్వండి. 'యూ హావ్ టు' అంటే చెయ్యాల్సి ఉంటుంది అని. 'దేర్ ఈజ్' అంటే ఫలానాది ఉంది అని. 'ఇట్ టేక్స్ అబౌట్' అంటే సుమారు ఇంత టైం పడుతుంది అని. 'యూ కెన్' అంటే చేసుకోవచ్చు అని. ఇప్పుడు అన్న తన పాత మాటలే వాటిలో పోస్తాడు. యూ హావ్ టు టేక్ ద బస్ టు జమ్మలమడుగు. ఇట్ టేక్స్ అబౌట్ టూ అవర్స్. యూ కెన్ టేక్ ఎన్ ఆటో ఫ్రమ్ దేర్. దేర్ ఈజ్ ఎ హోటల్ అట్ ద ఫోర్ట్.

అన్నకు తెలియని నామవాచకం ఒక్కటి కూడా చేరలేదు. అవే చట్రాలు రేపు ఒంటిమిట్టకు పనికొస్తాయి, ఎల్లుండి ఆస్పత్రి దారి చెప్పడానికి పనికొస్తాయి. యూ హావ్ టు వెయిట్, యూ హావ్ టు పే హియర్, యూ హావ్ టు సైన్. ఇలాంటి చట్రాలు ఒక నలభై, యాభై నోటికి వస్తే రోజువారీ ఇంగ్లీషులో చాలా భాగం నడిచిపోతుంది. నా మటుకు నేను ముందు నేర్పేవి ఇవి: ఐ నీడ్ టు, ఐ వాజ్ గోయింగ్ టు, ఐయామ్ లుకింగ్ ఫర్, కెన్ ఐ, కుడ్ యూ, డు యూ మైండ్ ఇఫ్, ఐయామ్ నాట్ షూర్, ఐ థింక్ సో, ఇట్ డిపెండ్స్ ఆన్, హౌ లాంగ్ డజ్ ఇట్ టేక్. మీ పనిని బట్టి జాబితా మారుతుంది. నర్సు ఉద్యోగానికి పోయే అమ్మాయికి ఒకటి, కువైట్‌లో డ్రైవరుగా పోయే రాయచోటి మనిషికి ఒకటి.

జాబితాలో అందరికీ తప్పనిసరిగా ఉండాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. వాటిని ఏ పుస్తకమూ ముందు పేజీల్లో పెట్టదు. అర్థం కానప్పుడు ఏమనాలి? మనవాళ్లు మౌనంగా ఉండిపోతారు, లేదా 'యెస్ యెస్' అంటారు. సారీ, ఐ డిడ్ంట్ గెట్ దట్. కెన్ యూ సే దట్ అగైన్? కుడ్ యూ స్పీక్ ఎ బిట్ మోర్ స్లోలీ? గివ్ మీ ఎ మినిట్, ఐ విల్ చెక్. ఈ నాలుగూ వస్తే ఏ సంభాషణా అక్కడికక్కడ చచ్చిపోదు. టెన్షన్ సగం తగ్గేది కూడా వీటితోనే.

ఫోన్లో పెద్ద గందరగోళం తెచ్చేది అవును, కాదు. 'మెయిల్ రాలేదా?' అంటే మనం 'అవును, రాలేదు' అంటాం. అడిగిన మాట నిజమేనని ఒప్పుకోవడం మన పద్ధతి. ఇంగ్లీషులో ప్రశ్న ఎటు తిరిగి ఉన్నా జరిగితే యెస్, జరగకపోతే నో. 'డిడ్ంట్ యూ గెట్ ద మెయిల్?' అన్నదానికి మనం రాలేదనే ఉద్దేశంతో యెస్ అంటే, వచ్చిందని అవతలివాళ్లు రాసుకుంటారు. కాబట్టి ఉత్త యెస్, ఉత్త నో వద్దు. 'నో, ఐ డిడ్ంట్' అని రెండో ముక్క కలిపి చెప్పండి.

మర్యాద సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. మనకు మర్యాద క్రియలోనే ఉంది. 'ఇయ్యి', 'ఇవ్వండి', 'ఇస్తారా' అన్నంతలోనే ఎవరితో మాట్లాడుతున్నామో తేలిపోతుంది. మీరు, గారు, అన్నా, అక్కా, అప్పా, సార్ ఉండనే ఉన్నాయి. ఇంగ్లీషులో ఉన్నది ఒకే 'యూ'. అన్నా, అక్కా లేవు. అందుకే వాళ్లు మర్యాదను వాక్యం మొదట్లో చట్రంగా కడతారు. 'ఆ ఫైలు ఇవ్వండి మేడం' అని మనసులో ఎంతో గౌరవంగా అనుకుని 'గివ్ మీ ద ఫైల్' అంటే, 'అండి' దారిలోనే రాలిపోతుంది. విన్నవాళ్లకు అది 'ఫైలు ఇటియ్యి' అన్నట్టు ఉంటుంది. మన పిల్లలు మొరటువాళ్లన్న పేరు తెచ్చుకునేది చాలాసార్లు ఇందుకే. వాళ్ల మనసులో మొరటుతనం ఏమీ లేదు. ఆజ్ఞ ఉన్నచోటల్లా ప్రశ్న పెట్టడం అలవాటు చేసుకోవాలి. కుడ్ యూ గివ్ మీ ద ఫైల్? కెన్ ఐ హావ్ సమ్ వాటర్? వుడ్ యూ మైండ్ వెయిటింగ్? కాదని చెప్పేటప్పుడు కూడా నేరుగా నో అనకుండా 'ఐయామ్ అఫ్రెయిడ్ ఐ కాంట్' అంటారు. ఇక్కడ భయపడేది ఏమీ లేదు, మన 'ఏమనుకోకండి, కుదరదు' లాంటిది.

మన దగ్గరికి వచ్చి అర్థం మార్చుకున్న మాటల గురించి రెండు ముక్కలు. కడపలో హోటలుకు పోయి ఉల్లికారం దోశ తింటాం. బయటి దేశాల్లో హోటల్ అంటే పడుకోవడానికి గది ఇచ్చే చోటు, తినేది రెస్టారెంట్. కవరు మనకు సరుకుల సంచి, వాళ్లకు బ్యాగ్. కరెంటు పోయింది అన్నప్పుడు అక్కడ కరెంట్ అనరు, ద పవర్ ఈజ్ అవుట్ అంటారు. 'ఫీలైనాడు' అంటే మనకు నొచ్చుకున్నాడని, వాళ్లకు ఏం ఫీలయ్యాడో చెప్పాలి, ఫెల్ట్ హర్ట్ అనాలి. 'డౌట్' ఉంది సార్ అని మన పిల్లలు చెయ్యెత్తితే ఇక్కడి మాస్టారుకు ప్రశ్న అని తెలుసు, అమెరికా వాడికి అనుమానంలా వినిపిస్తుంది. ఇవి తప్పులు కావు. భారతదేశపు ఇంగ్లీషు తనదైన దారిలో ఎదిగిన ఇంగ్లీషే. మనం ఎక్కువగా వాడే 'ప్రీపోన్' (అనుకున్న సమయం కన్నా ముందుకు జరపడం) ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లోకి కూడా ఎక్కింది. వినేది ఎవరో తెలుసుకుని మాట మార్చుకుంటే చాలు.

ఇక జ్ఞాపకం. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పరిశోధకుడు అర్థంలేని అక్షరాల ముక్కలను తానే బట్టీపట్టి, ఎంతకాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచాడు. మరుపు మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో చాలా వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. మరిచిపోబోయే సమయానికి మళ్లీ గుర్తుచేసుకుంటే మరుపు ఇంకా నెమ్మదిస్తుంది. సెబాస్టియన్ లైట్నర్ అనే మరో జర్మన్ 1972లో దీన్ని డబ్బా పద్ధతిగా మార్చాడు. చీటీ మీద ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు. వచ్చిన చీటీ తర్వాతి గదిలోకి పోతుంది, ఎక్కువ రోజుల తర్వాత తిరిగి వస్తుంది. రాని చీటీ మొదటి గదికి వస్తుంది. ఇప్పుడు ఫోన్ యాప్‌లు చేసేది ఇదే. మన పిల్లలు చేసే పొరపాటు నోటుబుక్కును మళ్లీ మళ్లీ చదవడం. చదివితే తెలిసినట్టు అనిపిస్తుంది. కళ్లు మూసుకుని బయటికి తీసినప్పుడే నిలుస్తుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని ప్రయోగం చేసి చూపించారు. ఐదు నిమిషాలకు పరీక్ష పెడితే పదేపదే చదివినవాళ్లు ముందున్నారు, వారానికి పెడితే గుర్తుచేసుకుని చూసినవాళ్లు ముందున్నారు.

కాబట్టి చీటీ ఒకవైపు తెలుగులో సందర్భం రాయండి: 'బస్సు తప్పిపోయింది, లేటవుతుందని మేనేజరుకు చెప్పాలి.' రెండోవైపు 'ఐ మిస్డ్ మై బస్. ఐ విల్ బి లేట్ బై హాఫెన్ అవర్.' మీకు నిజంగా ఎదురయ్యే సందర్భాలే రాసుకోండి. బట్టీ పట్టడం పనికిమాలినదని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. ఎక్కాలు, వేమన పద్యాలు నోటికి వచ్చిన జాతి మనది. పట్టేది విడి మాటైతే వృథా. పూర్తి వాక్యమైతే అది నాలుకకు అలవాటవుతుంది.

చివరిది చెవి. రాస్తే అర్థమయ్యే వాక్యమే ఫోన్లో ఎందుకు అందదు? తెలుగులో ప్రతి అచ్చునూ నిండుగా పలుకుతాం, మాట చివర అచ్చు లేకపోతే తెచ్చి పెడతాం: బస్సు, బుక్కు, లైటు. ఇంగ్లీషువాళ్లు వాక్యంలో రెండు మూడు చోట్ల ఒత్తి, మిగతావన్నీ మింగేస్తారు. కంఫర్టబుల్ వాళ్ల నోట కంఫ్టబుల్ అవుతుంది. 'వాట్ డు యూ వాంట్' కాస్తా 'వాడ్యు వాంట్' అవుతుంది. ఐ వుడ్ హావ్ కమ్ అన్నది 'ఐడవ్ కమ్' అన్నట్టు వినిపిస్తుంది. మింగబడేవి ఏవో గమనించారా? ఆ చిన్న మాటలే. అందుకని ప్రతి చట్రాన్నీ చెవితో కూడా నేర్చుకోవాలి. ఆకాశవాణి ఇంగ్లీషు వార్తలు నిదానంగా, స్పష్టంగా ఉంటాయి, మొదలుపెట్టడానికి అవి మంచివి. క్రికెట్ కామెంటరీ ఎలాగూ వింటారు, తెలుగు బదులు ఇంగ్లీషు పెట్టుకోండి. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్‌లో చిన్న సంభాషణలు, వాటి రాతప్రతులతో సహా ఉచితంగా దొరుకుతాయి. ఒక వాక్యం దగ్గర ఆపి, విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టండి. వాళ్లు ఒత్తిన చోటే ఒత్తి పైకి అనండి. తర్వాత రాతప్రతి తెరిచి, మీ చెవికి అందని ప్రతి మాట కింద గీత గీయండి. మొదటి కొన్ని వారాలు ఆ గీతలు ఎక్కువగా టు, ఆఫ్, హావ్, వుడ్ కిందే పడతాయి.